గురువారం సైన్సు

మా బడి గోడ మీద వారం మొత్తం ఆయిల్ పెయింటుతో రాసి ఉంటుంది. సోమవారం తెలుగు, మంగళవారం లెక్కలు, బుధవారం సోషల్, గురువారం సైన్సు, శుక్రవారం ఇంగ్లీషు, శనివారం హిందీ. నల్ల అక్షరాలు, చుట్టూ ఎర్ర గీత. విజయనగరంలో దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరుని పిలిపించి నేనే రాయించాను. చాక్‌పీసుతో రాస్తే చాలదా అని చిన్న తరగతులు చూసే టీచరమ్మ అడిగింది. చాక్‌పీసుతో రాస్తే ఎవరో ఒకరు చెరుపుతారని చెప్పాను.

అది సముద్రం ఒడ్డున మత్స్యకారుల పల్లె. అక్కడ పనిలో చేరి ఎనిమిదేళ్లయింది. విజయనగరం నుంచి హైవే దాకా బస్సు, అక్కడి నుంచి సరుగుడు తోటల పక్కగా షేర్ ఆటో. ఆటో పల్లె మొగలో ఆగుతుంది. దిగి వంద అడుగులు వేస్తే బడి. బడి దాటి పల్లెలోకి నేను ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లాల్సిన పని ఉందని అనుకోలేదు.

ఉపాధ్యాయులం ఇద్దరం. ఒకటి నుంచి అయిదు దాకా ఆవిడ, ఆరూ ఏడూ నేను. నా రెండు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి, కిటికీ వైపు ఆరు, గుమ్మం వైపు ఏడు. మొదట్లో గంటకో సబ్జెక్టు చొప్పున చెప్పేవాణ్ణి. ఆరో తరగతికి భిన్నాలు మొదలుపెట్టి ఏడో తరగతి వైపు తిరిగేసరికి గంట అయిపోయేది. భిన్నాలు తుడిచి మొగలులు, మొగలులు తుడిచి అయస్కాంతం. సాయంత్రానికి నా గొంతు పోయేది, పిల్లల దగ్గర ఏదీ మిగిలేది కాదు. అందుకని రోజుకో సబ్జెక్టు పెట్టాను. ఉదయం ఆరో తరగతికి, మధ్యాహ్నం ఏడో తరగతికి, మిగిలిన సగం రోజు రాత పని. ప్రతి శనివారం సాయంత్రం కూర్చుని వచ్చే వారం పాఠాలు ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకుంటాను. ఈ పద్ధతి ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. చూడ్డానికి వచ్చిన అధికారులు తల అడ్డంగా ఊపారు. ఊపనిచ్చాను.

మా ఇంట్లో అన్నీ వారం ప్రకారం జరిగేవని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పేది. ఏ రోజు దీపపు సెమ్మెలు తోమాలో, ఏ రోజు తాళపత్రాలు ఎండలో పెట్టాలో పెద్దవాళ్లు నిర్ణయించినదే. మాది అగ్రహారంలో పెద్దిల్లు. మా తాత కాలంలోనే కోర్టుల పాలై పోయింది. ఇప్పుడా చోట కల్యాణమండపం ఉంది. బస్సు స్టాపుని మాత్రం ఇంకా పెద్దింటి స్టాపనే అంటారు. కండక్టరు ఆ మాట అరిచినప్పుడల్లా నేను కిటికీలోంచి అవతలి వైపు చూస్తాను. ఆ ఇంటి నుంచి నాకు వచ్చినవి ఆ స్టాపు పేరూ, వీపు ఆనించకుండా కూర్చునే అలవాటూ. చెప్పిన మాట మార్చకపోవడం కూడా అక్కడిదే అనుకునేవాణ్ణి.

కిందటి ఏడాది ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి లేడు. తల్లి ఎండు చేపలు అమ్ముతుంది. గుమ్మం వైపు రెండో బల్ల. పొడుగ్గా, మాట తక్కువగా ఉండేది. చదివింది పట్టుకునేది. ఏడుతో మా బడి అయిపోతుంది. హైస్కూలు ఏరు దాటి అయిదు కిలోమీటర్లు. ఆ పల్లెలో ఆడపిల్లలు చాలామంది ఏడుతోనే ఆగిపోతారు. ఆగిపోయిన వాళ్లు మరుసటి నెల గంపల దగ్గర కనిపిస్తారు. ఆ అమ్మాయికి ఇంకో దారి ఉండేది. గురుకులాల్లో ఎనిమిదో తరగతిలో మిగిలిన సీట్లకి ఏప్రిల్లో పరీక్ష పెడతారు. సీటు వస్తే చదువూ తిండీ పడకా అక్కడే. రాకపోతే గంప. ఈ సంగతి బడిలో అందరికీ తెలుసు. ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

డిసెంబరులో అర్ధ సంవత్సరం పరీక్షలు దిద్దుతూ ఆ పిల్ల సైన్సు పేపరు తీశాను. పేరు ఉంది, తరగతి ఉంది, తేదీ ఉంది. కింద అందంగా మార్జిన్ గీసి ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. తెలుగులో, లెక్కల్లో, సోషల్లో ఆ పిల్లే మొదట. సైన్సు పేపరు మాత్రం తెల్లగా ఉంది. నా మీద ఏదో మనసులో పెట్టుకుని ఖాళీ పేపరు ఇచ్చిందనుకున్నాను. మర్నాడు పిలిచి బల్ల ముందు నిలబెట్టాను.

"ఏమీ రాయలేదేం?"

"రాదండి."

"ఒక్క ప్రశ్నా రాదా? ఆకుల పాఠం చెప్పలేదా? నీడల పాఠం చెప్పలేదా?"

"సెప్పుంటారండి. ఆ పాఠం సెప్పిన రోజు నాను లేనండి."

"ఏ పాఠం చెప్పిన రోజు?"

ఆ పిల్ల గోడ వైపు చూసింది. పెయింటు మీద గురువారం ఉన్న చోటే చూసింది.

"అన్నీనండి," అంది.

హాజరు ఫోన్లో వేస్తాం. ఆ మధ్యాహ్నం వెనక్కి వెనక్కి జరుపుకుంటూ చూశాను. సోమవారం ఉంది, మంగళవారం ఉంది, బుధవారం ఉంది, గురువారం లేదు, శుక్రవారం ఉంది, శనివారం ఉంది. జూన్ నుంచీ అంతే. గురువారం గురువారం రాలేదని వేసింది నా వేలే. వారానికి ఒక రోజు మానితే హాజరు శాతం ఎక్కడా దెబ్బతినదు కాబట్టి ఫోను ఎర్ర గుర్తు చూపించలేదు. ఆ ఒక్క రోజులోనే నేను ఒక సబ్జెక్టంతా పెట్టానని ఫోనుకి తెలియదు. నాకు తెలియాలి. గంటకో సబ్జెక్టు చెప్పే మామూలు బడిలో అయితే ఆ పిల్లకి అన్నిట్లోనూ కొంచెం కొంచెం పోయేది. నా పద్ధతిలో ఒకటి నిలువునా పోయింది.

తల్లిని తీసుకురమ్మని కబురు పెట్టాను. రాలేదు. మళ్లీ పెట్టాను. తెల్లవారుజామునే ఒడ్డుకి పోతుందని, పొద్దుపోయాక గాని రాదని అమ్మాయి చెప్పింది. అలా రెండు వారాలు పోయాయి.

టీచరమ్మది ఆ చుట్టుపక్కల రైతు కుటుంబం. వరి చేలూ గోగు చేలూ చూసి పెరిగిన మనిషి, మాటకి దాపరికం లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలకి గుడ్లు పంచుతూ అంది.

"మాస్టారూ, ఆళ్లిల్లు బడెనకే. పది గుమ్మాలు కూడా లేవు. మీరోసారి పోయి మాట్లాడొచ్చు కదేటి."

"తల్లిదండ్రులు బడికి రావాలమ్మా. అది పద్ధతి."

"పద్ధతి బాగానే ఉన్నాది. ఏప్రిల్ కూడా పద్ధతిగానే వస్తాది."

ఆవిడ ఇంకో గుడ్డు ఒలిచి ఎవరి పళ్లెంలోనో వేసింది.

పల్లెలోకి వెళ్లకూడదని ఎవరూ నాకు చెప్పలేదు. చేప వాసన పడదనుకునేవాణ్ణి. గురువారం ఆటో దిగేసరికి పల్లె మొగలో ఎండు నెత్తళ్ల గంపలు వరసగా ఉండేవి. నన్ను దింపిన ఆటోయే ఆ గంపలనీ ఆడవాళ్లనీ ఎక్కించుకుని చీపురుపల్లి వైపు సంతకి పోయేది. నేను ఊపిరి బిగబట్టుకుని వెనక్కి చూడకుండా బడి వైపు నడిచేవాణ్ణి. ఎనిమిదేళ్లు అలాగే నడిచాను.

జనవరిలో ఒక గురువారం ఆటో దిగి నడవకుండా వెనక్కి తిరిగి నిలబడ్డాను. అక్కడ నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. ముగ్గురు ఒకరి గంప ఒకరు ఎత్తుకుంటున్నారు. చెరొక వైపూ పట్టి, ఒక్క ఊపుతో ఆటో పైన పెడుతున్నారు. నాలుగో మనిషి వేరే నిలబడింది. సరుగుడు చెట్టు వెనక నుంచి మా అమ్మాయి బయటికి వచ్చి ఆమె గంపకి చెయ్యి వేసింది. నన్ను చూసి చెయ్యి తీసేసింది.

"సెట్టెనకాలే ఉంటాదండి మీరెల్లే వరకు," అన్నాడు ఆటో నడిపే అతను, ఎవరూ అడగకుండానే. "ఇయ్యాల మీరెల్లలేదు మరి."

తల్లి కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. నా కంటే చిన్నది, చాలా పెద్దదానిలా ఉంది.

"దండాలు బాబు. కబురందినాది. కుదరక రాలేదు."

"గురువారం అమ్మాయిని మాన్పిస్తున్నావు. సైన్సు మొత్తం పోయింది. ఏప్రిల్లో ఏం రాస్తుంది?"

"వారానికొక రోజు మానినా ఏటవదని సచివాలయమోళ్లు సెప్పినారు కదండి. హాజరు సరిపోతాదంట. నానడిగే మాన్పించినాను. అడక్కుండా సెయ్యలేదు."

"హాజరు సరిపోతుంది. చదువు సరిపోదు."

"మరి గంపెవరెత్తుతారు బాబు?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆమె ఓపికగా చెప్పింది. నిండిన గంపని ఎంత బలమున్న మనిషైనా ఒక్కరూ ఎత్తుకోలేరు. రెండో మనిషి ఉండాల్సిందే. ఇక్కడ ఆటో పైకి ఒకసారి, అక్కడ దిగాక నెత్తి మీదికి ఒకసారి. పల్లెలో ఆడవాళ్లు ఒకరికొకరు ఎత్తుకుంటారు. అది ఎప్పుడూ ఉన్న పద్ధతి.

"మరి వీళ్లున్నారు కదా," అన్నాను, ఆ ముగ్గుర్నీ చూపించి.

"ఆళ్లు నా గంప ఎత్తరు."

"ఎత్తమంటే ఎత్తమా," అంది ముగ్గురిలో పెద్దావిడ, మా వైపు చూడకుండా ఆటోతో చెప్తున్నట్టు. "నోరు పెగిలి ఒక మాట అడిగితే సస్తాదా."

"సంతలో నా సోటు లాక్కున్నోళ్లని నానడగాలా?"

"సోటు నీ అత్తోరు రాసిచ్చినారేటే?"

"ఒసే, ఎల్లవే. నీతో నాకు మాటేటి."

ఏడాది కిందట సంతలో చింతచెట్టు నీడ దగ్గర ఎవరు కూర్చోవాలన్న తగువు. అప్పటి నుంచి మాటల్లేవు. మాటల్లేవు కాబట్టి గంప ఎత్తడం లేదు. అందుకని కూతురు గురువారం బడి మానింది. అందుకని సైన్సు పేపరు తెల్లగా ఉంది.

"పిల్ల చదువు కోసమైనా ఒక మాట అడగొచ్చు," అన్నాను.

ఆమె నా వైపు సూటిగా చూసింది. "మీరే ఆ సైన్సు ఇంకో రోజు సెప్పొచ్చు కదా బాబు. సెప్పేది మీరొక్కరే కదా."

"అది గోడ మీద రాసేసింది. మార్చడానికి లేదు."

"నాదీ అంతేనండి," అంది.

ఆటో కదిలింది. తల్లీ కూతురూ వెనక సీటులో, ఆ ముగ్గురూ ముందూ పక్కనా. అమ్మాయి నా వైపు చూడలేదు. ఆ రోజు ఏడో తరగతికి వేడి ఒక చోటు నుంచి ఇంకో చోటికి ఎలా పోతుందో చెప్పాను. రెండో బల్ల మీద ఒక వైపు ఖాళీగా ఉంది. ఆ చోటు అంతకు ముందు కూడా ఖాళీగానే ఉండి ఉంటుంది.

మర్నాడు శుక్రవారం. భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్లాను. వెనక గోడ నీడలో ఆ అమ్మాయీ, అదే తరగతి ఇంకో అమ్మాయీ కూర్చుని ఉన్నారు. రెండో పిల్ల నిన్నటి పాఠం చెప్తోంది.

"గరిటె పొయ్యి మీదుంటే కాలతాది కదే. ఏలంటే నిప్పులోంచి సిన్న సిన్న పురుగుల్లాటివి ఎక్కి వత్తాయన్నమాట."

"పురుగులా? మాస్టారు పురుగులన్నారా?"

"పురుగులనలేదు. అలాటియ్యే ఏదో అన్నారు. రాసుకోయే నువ్వు."

"రేపెవరు సెప్తారు?"

"రేపు సివరి బల్లది సెప్తాది. అది అడిగితే హిందీ రాసియ్యాల, మర్సిపోకు."

ఆ పిల్ల రోజుకొకరి దగ్గర పాఠం చెప్పించుకుంటోంది. అర్ధ సంవత్సరం పేపరు ఇచ్చేసిన నాటి నుంచీ ఇదే పని అట. శుక్రవారం ఒకరు, శనివారం ఒకరు, సోమవారం ఇంకొకరు. ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్తారు. గుర్తు లేనిది కల్పించి చెప్తారు. బదులుగా ఈ పిల్ల వాళ్ల హిందీ రాసిపెడుతుంది. తల వంచుకుని పురుగుల సంగతి నోటు పుస్తకంలో రాసుకుంటోంది.

నేను చేతులు కడుక్కోవడం మరిచిపోయి నిలబడ్డాను.

మా నాన్న విజయనగరంలో వారాలు చేసుకుని చదివాడు. ఇల్లు పోయిన తర్వాత మాట. అప్పట్లో పేద విద్యార్థి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో తినేవాడు. ఆరిళ్లు దొరికాయట. శనివారానికి దొరకలేదు. శనివారం వెంకటేశ్వర స్వామికి ఉపవాసమని నాన్న అందరికీ చెప్పుకున్నాడు. చివరి దాకా ఆ ఉపవాసం మానలేదు. ఉద్యోగం వచ్చాక, మేం పుట్టాక, బియ్యం బస్తాలు ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా శనివారం తినేవాడు కాదు. భక్తి అనుకున్నాం. అసలు సంగతి ఆయన పోయాక ఆయనతో చదువుకున్న పెద్దాయన ఒకరు మాకు చెప్పాడు. ఏడో ఇంటి గుమ్మం ఎక్కి అడగలేకపోయాడని, ఏ ఇంటివాడో తెలిస్తే వాళ్లేమనుకుంటారో అని భయపడ్డాడని చెప్పాడు. విని మా అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నేను గర్వపడ్డాను. ఆ రోజు బోరింగు దగ్గర నిలబడి గర్వపడలేకపోయాను. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆకలితో పడుకున్నాడు, అంతే.

"అవి పురుగులు కావు," అన్నాను.

ఇద్దరూ లేచి నిలబడ్డారు. రెండో పిల్ల పరిగెత్తింది. ఈ పిల్ల పుస్తకం వీపు వెనక దాచుకుంది.

"ఇలా తప్పుల తడకలు రాసుకునే బదులు నన్నడగొచ్చుగా?"

"మీరు సైన్సు గురువారమే సెప్తారు కదండి."

"గురువారం ఏది పెడితే అది నీకు పోతుంది. బుధవారం సైన్సు చెప్పి గురువారం సోషల్ చెప్తే సోషల్ పోతుంది. ఏం చెయ్యమంటావు?"

ఆ పిల్ల పుస్తకం ముందుకి తెచ్చుకుంది.

"గురుకులం పరీక్షలో హిందీ లేదండి," అంది.

"ఏమిటి?"

"తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషలండి. హిందీ లేదు. గురువారం హిందీ పెడితే... హిందీ నాను సూసి సదూకుంటానండి."

"ఈ సంగతి నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"దసరా కాడ్నించండి."

"మరి చెప్పలేదేం?"

గోడ మీద పెయింటు ఉందని ఆ పిల్ల అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

ఆ వారం నుంచి శనివారం సైన్సు, గురువారం హిందీ అయ్యాయి. గోడ మీద అక్షరాలు మార్చలేదు. మార్పించాలంటే పెయింటరుని పిలవాలి, ఎందుకని అతను అడుగుతాడు. పిల్లలు గోడని చూసి చదివే అలవాటు మానేశారు. శనివారం ఉదయం ఆరో తరగతికి రాత పని ఇచ్చి ఏడో తరగతికి కొత్త పాఠం, మధ్యాహ్నం ఆ అమ్మాయికి పాత గురువారాలు. జూన్ నుంచి పోయిన గురువారాలు ఎర్ర అట్ట పుస్తకంలో వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి చెప్పుకుంటూ వచ్చాం. ఆకులు, నీడలు, అయస్కాంతం, నేలలు, గాలి. ఒక్కో శనివారం రెండేసి గురువారాలు. చెప్పిన పాఠమే మళ్లీ చెప్పడంలో ఉండే అలసట వేరు. నా మాటలు నాకే పాత బట్టల్లా ఉండేవి. ఆ పిల్లకి మాత్రం అన్నీ కొత్తవే. ప్రశ్న మీద ప్రశ్న అడిగేది. ఇన్నాళ్లూ తక్కువ మాటల పిల్ల అని నేనెందుకు అనుకున్నానో తెలియదు.

శనివారం పిల్లలు సంచుల్లేకుండా బడికి రావాలని, ఆటలూ బొమ్మలూ పాటలతో గడపాలని నియమం. ఇదివరకు ఉదయం హిందీ పద్యాలు పాడించి మధ్యాహ్నం వదిలేసేవాణ్ణి, పేచీ ఉండేది కాదు. ఫిబ్రవరిలో ఒక శనివారం పర్యవేక్షణకి ఒక అధికారి వచ్చాడు. వయసులో నా కొడుకంత ఉంటాడు. బల్లల మీద సైన్సు పుస్తకాలు చూశాడు, గోడ చూశాడు, నన్ను చూశాడు.

"ఈరోజేమిటండీ మాస్టారూ?"

"శనివారం."

"గోడ మీద హిందీ అని ఉంది. నియమం ప్రకారం ఆటలు ఉండాలి. ఇక్కడ సైన్సు నడుస్తోంది. మీ ప్రణాళికలో అసలు ఏముంది?"

పిల్లలంతా వింటున్నారు. కారణం ఒక్క మాటలో చెప్పొచ్చు. చెప్తే ఆ పిల్ల గురువారాలు బయటికి వస్తాయి, తల్లి గంపా సంత తగువూ బయటికి వస్తాయి. "నేను మార్చాను," అన్నాను. ఎందుకని అడిగాడు. "మొదట పెట్టింది తప్పు," అన్నాను. సంజాయిషీ రాసి ఇవ్వమన్నాడు. రాసిచ్చాను. కలం నిబ్బు కాగితం మీద గుచ్చుకుంది. మా వంశంలో సంజాయిషీ రాసినవాణ్ణి నేనే మొదటివాణ్ణి అయ్యుంటాను. కోర్టుల్లో ఓడినప్పుడు కూడా మా తాత సంతకం పెట్టలేదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. పెట్టి ఉంటే వెనక వీధిలో రెండు గదులైనా మిగిలేవని కూడా చెప్పుకునేవాళ్లు, కాని అది మెల్లగా.

ఆయన వెళ్లాక టీచరమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, టీ తాగుతారేటి?"

ఎనిమిదేళ్లలో ఆవిడ ఫ్లాస్కులో టీ నేను తాగలేదు. ఆ రోజు తాగాను. చక్కెర ఎక్కువైంది.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఎచ్చెర్లలో పరీక్ష. తల్లి వెంట వెళ్లింది. నేను వెళ్లలేదు. వెళ్లాలనిపించింది గాని ఏ హోదాలో వెళ్లాలో తెలియలేదు. సోమవారం ఆ పిల్ల ప్రశ్నపత్రం తెచ్చి బల్ల మీద పెట్టింది. సైన్సు ప్రశ్నల్లో ఏవి రాసిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. మూడు తప్పు. ఆ మూడూ మేం చెప్పుకోవడానికి మిగిలిపోయిన గురువారాల్లోవి. ఇంకో రెండు శనివారాలు ఉంటే సరిపోయేది. నేను డిసెంబరులో కబురు మీద కబురు పెడుతూ కూర్చున్న వారాలు సరిగ్గా రెండు. ఆ సంగతి ఆ పిల్లకి చెప్పలేదు.

మొదటి జాబితాలో పేరు లేదు. బడులు మూసేశారు. ఎండల్లో నేను విజయనగరంలో అద్దె ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఫోన్లో అదే పేజీ రోజుకి రెండుసార్లు తెరిచేవాణ్ణి. జూన్‌లో రెండో జాబితా వచ్చింది. చివరి నుంచి నాలుగో పేరు. పార్వతీపురం అవతల ఎక్కడో గురుకులం. ఇంటి నుంచి చాలా దూరం. టీసీ కోసం తల్లీ కూతురూ బడికి వచ్చారు. తల్లి గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమంటే పరవాలేదంది. అమ్మాయి గోడ మీద వారాన్ని ఒకసారి చదువుకుని, నవ్వు ఆపుకుని, తల దించుకుంది.

"ఎల్తన్నానండి," అంది.

"హిందీ చూసుకో. అక్కడ హిందీ కూడా ఉంటుంది," అన్నాను.

జూలైలో మొదటి గురువారం. వర్షం పడి వెలిసింది. ఆటో దిగాను. ముగ్గురు ఆడవాళ్ల గంపలూ పైకెక్కాయి. ముగ్గురూ లోపల కూర్చున్నారు. నాలుగో మనిషి కింద నిండు గంప పక్కన నిలబడి ఉంది. చెట్టు వెనక ఎవరూ లేరు. ఆటో నడిపే అతను ఫోన్లో మాట్లాడుతూ అటు తిరిగి ఉన్నాడు. ఆమె అతని మాట అయ్యే దాకా ఆగింది. లోపలి వాళ్లు ఎదురుగా ఉన్న రోడ్డు చూస్తున్నారు. ఎవరూ అడగలేదు. ఎవరూ దిగలేదు. నేను నాలుగడుగులు వేశాను బడి వైపు. ఆ పిల్ల సీటు కోసం నేనే కదా పాటుపడ్డాను అనిపించింది. సీటు వచ్చింది. గంప ఇక్కడ నేల మీద ఉంది.

వెనక్కి వచ్చి సంచీ సరుగుడు మొదట్లో పెట్టి గంప ఒక వైపు పట్టుకున్నాను.

"మీకేల బాబు, ఒగ్గీండి," అంది ఆమె, కంగారుగా.

"పట్టు."

పట్టింది. నేను లేపాను. నా వైపు పైకి పోయింది, ఆమె వైపు పోలేదు. గంప ఒరిగి గుప్పెడు నెత్తళ్లు నా చొక్కా మీద నుంచి తడి నేల మీదికి జారాయి. లోపల ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ముగ్గురూ నవ్వారు. పెద్దావిడ పమిట దోపుకుంటూ దిగింది.

"ఏటి పంతులుగారూ, అంచట్టుకుంటే లెగుస్తాదేటి? అడుక్కి సెయ్యి ఎయ్యాల. తప్పుకోండి, సేపలన్నీ నేలపాలు సేసీగలరు."

నేను తప్పుకున్నాను. ఆమె నా చోట్లో నిలబడి అడుగుకి చెయ్యి వేసింది. అమ్మాయి తల్లి ఇంకో వైపు పట్టుకుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గంప ఒక్క ఊపులో పైకి పోయింది. మాట్లాడుకున్నట్టు లేదు. పెద్దావిడ ఎక్కి కూర్చుంది. అమ్మాయి తల్లి నేల మీది నెత్తళ్లు ఏరి కొంగులో వేసుకుని ఎక్కింది.

"అక్కడ దిగాక?" అని అడిగాను.

"సూద్దారి," అంది.

ఆటో పోయింది. బోరింగు దగ్గర చేతులు రెండుసార్లు కడిగాను. వాసన పోలేదు. గదిలోకి వెళ్లేసరికి పిల్లలు లేచి నిలబడ్డారు. ముందు బల్ల పిల్ల ముక్కు ఎగబీల్చి పక్కదాని చెవిలో ఏదో అంది. ఇద్దరూ నా చొక్కా చూశారు. గోడ మీద గురువారం సైన్సు అని ఉంది. ఎర్ర అట్ట పుస్తకం తెరిచాను. హిందీ, ఆరో తరగతి, మూడో పాఠం. ఈ ఏడాది మంగళవారమో బుధవారమో వరసగా రాని వాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడాలని పక్కన రాసుకుని, పుస్తకాలు తియ్యమన్నాను.